సిస్టమ్ సతాయిస్తోందా? ముందు ఎక్కడ ఆగుతోందో పట్టండి

సిస్టమ్ స్లో అనగానే టెంప్ ఫైళ్లు తుడవడం, లేదంటే విండోస్ కొత్తగా ఎక్కించడం. రెండూ తొందరపాటే. నొక్కిన చాలాసేపటికి పలకడం వేరు, పలికాక జర్కులతో కదలడం వేరు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచండి. సతాయించే పనినే మళ్లీ చేస్తూ అంకెలు చూడండి.

స్టార్ట్ నొక్కితే సెకన్లు పడుతోంది, డిస్క్ 100 శాతం

మీసేవ, డీటీపీ సెంటర్ల పాత డెస్క్‌టాప్‌లలో మామూలుగా కనిపించేది ఇదే. నిమిషానికి 5,400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌లో ఒక్క చిన్న ఫైలు దగ్గరికి చేరడానికే 10 మిల్లీసెకన్లకు పైన పడుతుంది. అప్‌డేట్లు, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ స్కాన్ వెనకాల వేల ఫైళ్లు అడుగుతుంటాయి. మీ క్లిక్ వాటి వెనక వరుసలో నిలబడుతుంది. సెట్టింగులు ఎన్ని మార్చినా దీనికి మందు కాదు.

హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) వేయాలి: 2.5 అంగుళాల సాటా రకం, 256 జీబీ చాలు. క్లోన్ చేసే (పాతదాంట్లోది విండోస్‌తో సహా కొత్తదాంట్లోకి కాపీ చేసే) ముందు, డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాంలో సీ5 వరుస, అంటే చదవలేక పెండింగ్‌లో ఉన్న సెక్టార్ల లెక్క, చూడండి. రా విలువ సున్నా కాకపోతే పాత డిస్క్ చెడుతున్నట్టే, ముందు డేటా వేరేచోట దాచండి. క్లోన్ అయ్యాక పాతదాని కేబుల్ తీసి ఒకసారి బూట్ చేయండి. కొత్తదాంట్లో 15 శాతమైనా ఖాళీ ఉంచాలి.

అదే సమయంలో మెమరీ కూడా 90 శాతం దాటితే అసలు దొంగ ర్యామ్. 4 జీబీ చాలక విండోస్ డిస్క్‌నే ర్యామ్‌లా వాడుతోంది. ఇంకో స్టిక్ వేయండి. డీడీఆర్3, డీడీఆర్4 గాడి ఒకచోట ఉండదు, పాతది పట్టుకెళ్లి కొనడం మేలు.

విండో లాగితే జర్కులు

డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉందా? గ్రాఫిక్స్ డ్రైవర్ లేదు, బొమ్మంతా ప్రాసెసరే గీస్తోంది. తయారీదారు సైటు నుంచి డ్రైవర్ వేయండి. డ్రైవర్ ముందే ఉంటే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో) చూడండి: 60 హెర్ట్జ్ అంటే ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు, 144 అయితే 6.9. 144 మానిటర్ కొని 60లోనే నడిపేవాళ్లు తక్కువేం కాదు.

పొద్దున బాగుండి, మధ్యాహ్నం మొండికేస్తోంది

వేడి. పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ వాడకం ఎక్కువగా ఉండి, స్పీడు మాత్రం బేస్ స్పీడు కంటే బాగా కిందికి పడితే ఖాయం. రామగుండం ఎండలు ఒక ఎత్తు, వరంగల్ ఎనుమాముల మార్కెట్, జిన్నింగ్ మిల్లుల దగ్గరి పత్తి నూగు ఇంకో ఎత్తు. అది ఫ్యాన్‌కూ, వేడిని బయటికి పంపే హీట్‌సింక్ రేకులకూ మధ్య పరుపులా పేరుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో బయటి నుంచి బ్లోయర్ కొడితే అక్కడే ఇరుక్కుంటుంది, విప్పాల్సిందే. ప్లగ్, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కూడా తీసి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్‌తో దులపండి. ప్రాసెసర్ మీద ఎండిన థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టండి.

ల్యాప్‌టాప్ బ్యాటరీ తీసేసి నడుపుతున్నారా? చాలా మోడళ్లు అలాంటప్పుడు కావాలనే స్పీడు తగ్గించుకుంటాయి.

చిల్లర బాధలు

వైర్‌లెస్ మౌస్ ఎగిరెగిరి పడితే డాంగిల్‌ను నీలం యూఎస్‌బీ 3 పోర్టుల పక్క నుంచి తీసి ముందువైపు పోర్టులో పెట్టండి. ఆ పోర్టుల రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను చెడగొడుతుంది.

పాత తరహా ఉపమెనూలు నిదానంగా తెరుచుకుంటే అది జబ్బు కాదు, విండోసే 400 మిల్లీసెకన్లు ఆగుతుంది. రిజిస్ట్రీ ఎడిటర్‌లో కరెంట్ యూజర్, కంట్రోల్ ప్యానెల్, డెస్క్‌టాప్ కింద మెనూ షో డిలే విలువను 100 చేసి, సైన్ అవుట్ అయి రండి. సున్నా పెట్టకండి, మౌస్ పక్కకు జరిగితే చాలు, మెనూలు మీద పడతాయి.