ఫిషింగ్ క్లబ్ శ్రమదానం: ఏ పని ఎలా చేయాలి, ఎక్కడ చెడుతుంది

చెరువులో గుంజల మీద పలకలు పరిచి, గాలం వేయడానికి కట్టేవే ప్లాట్‌ఫారాలు. సాయంత్రానికి సగం విప్పినవి మూడు మిగలడం కన్నా, పూర్తిగా బాగుపడినది ఒక్కటి ఉంటే చాలు. పలకలు ఊడదీసి వదిలేసిన ప్లాట్‌ఫారం పాతదానికంటే ప్రమాదం. మర్నాడు చీకటితోనే గాలం పట్టుకుని వచ్చే సభ్యుడికి అక్కడ పలక లేదన్న సంగతి తెలియదు. అందుకే పని మొదలుపెట్టే ముందే పర్యవేక్షకుణ్ణి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది ఈరోజు పూర్తవుతుందా? కాదంటే ఇంకో పని తీసుకోండి. మధ్యలో ఆపక తప్పకపోతే తాడు కట్టి, బోర్డు పెట్టి, ఆ చోటు మూసేసి వెళ్లండి.

పేరు ఇచ్చేటప్పుడే మీకు వచ్చిన పనులు చెప్పండి, చేయలేనివీ చెప్పండి. నడుం నొప్పి ఉన్నవాళ్లకు, ఈత రానివాళ్లకు గట్టు మీద పని దండిగా ఉంటుంది: చెత్త ఏరడం, పలకలు కొలిచి కోయడం, పనిముట్ల లెక్క చూడటం. చైన్‌సా (మోటారు రంపం), బ్రష్‌కట్టర్ (గడ్డి, పొదలు కోసే యంత్రం) మాత్రం శిక్షణ ఉన్నవాళ్లే పట్టాలి. బ్రష్‌కట్టర్ తిరుగుతున్నంతసేపు మిగతావాళ్లు 15 మీటర్ల దూరంలో ఉండాలి. అది విసిరే రాయి అంత దూరమూ వస్తుంది.

వెంట తెచ్చుకోవాల్సినవి కొన్నే. గట్టి అడుగున్న బూట్లు, రెండు జతల చేతి తొడుగులు (తడి పనికి రబ్బరువి, ముళ్లకు తోలువి), ఫుల్ హ్యాండ్స్ చొక్కా, తాగే నీళ్లు, మార్చుకోవడానికి పొడి బట్టలు. చేతి మీద గాయం ఉంటే నీరు చొరని పట్టీ వేసుకోండి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే ముందే వేయించుకోవడం మంచిది. నీళ్లలోకి దిగేవాళ్లకు లైఫ్ జాకెట్ తప్పనిసరి. గట్టు మీద ఒకరు విసిరే తాడు పట్టుకుని నిలబడాలి, ఆ మనిషికి ఇంకో పని చెప్పకూడదు.

ప్లాట్‌ఫారం

ముందు పరీక్ష. గుంజ ఎక్కువగా నీటిమట్టం దగ్గరే కుళ్లుతుంది. గాలి, తడి రెండూ తగిలే చోటు అదే కాబట్టి. అడుగున మునిగిన భాగం ఏళ్ల తరబడి గట్టిగానే ఉంటుంది. పొడవాటి స్క్రూడ్రైవర్‌తో నీటిమట్టానికి కాస్త పైన, కాస్త కింద నాలుగు వైపులా గుచ్చి చూడండి. మొన మెత్తగా సెంటీమీటరుకు మించి దిగితే ఆ గుంజ పని అయిపోయినట్టే. దాని మీద కొత్త పలకలు వేస్తే పలకలు దండగ.

పాత గుంజ ఊడిరాకపోతే రోజంతా దాంతో కుస్తీ పట్టకండి. పక్కనే కొత్తది దించండి. పాతదాన్ని నీటి అడుగున మోడులా మాత్రం కోయొద్దు. పైకి కనపడని మోడుకు గాలం తీగా చిక్కుకుంటుంది, నీళ్లలో నడిచేవాళ్ల కాలూ తగులుతుంది.

కొత్త గుంజ మొత్తం పొడవులో కనీసం మూడో వంతు గట్టి అడుగులోకి దిగాలి. పైనున్న మెత్తని బురద ఆ లెక్కలోకి రాదు. మొనను మందు పట్టించక ముందే నాలుగు వైపులా సమానంగా చెక్కి ఉండాలి. ఒక వైపు ఎక్కువ చెక్కితే గుంజ దిగుతూ దిగుతూ పక్కకు జరిగిపోతుంది. ఇంకొకటి: కుళ్లకుండా మందు పట్టించిన కలప కోస్తే, కోసిన చివర నీళ్లలోకి పోకూడదు. మందు లోపలిదాకా పట్టి ఉండదు. కోసిన చివర పైకి ఉండాలి, దానికి గట్టు మీదే మందు పూసి ఆరనిచ్చాకే గుంజ పాతాలి.

గుంజ దించడానికి సమ్మెట కన్నా రెండు పిడులున్న ఇనుప గొట్టం మేలు. గొట్టాన్ని గుంజ తలకు తొడిగి ఇద్దరూ కలిసి ఎత్తి దించుతారు. సమ్మెటే వాడాల్సి వస్తే, గుంజను చేత్తో పట్టుకుని ఎవరూ నిలబడకూడదు, తాడుతో కట్టి దూరం నుంచి పట్టుకోవాలి. నాలుగైదు దెబ్బలకోసారి స్పిరిట్ లెవెల్‌ను రెండు వైపులా పెట్టి చూడండి. సగం దిగాక వంకర సరిచేయడం కుదరదు.

గుంజలకు అడ్డ దూలాలను మేకులతో కొట్టకండి. ఆరపార రంధ్రం చేసి 12 మి.మీ. బోల్టు, రెండు వైపులా వెడల్పు వాషర్లు వేసి బిగించండి. 38 మి.మీ. పలకలకైతే దూలానికి దూలానికి మధ్య 40 సెం.మీ. చాలు. పలకల మధ్య 6 నుంచి 8 మి.మీ. సందు వదలాలి. సందు లేకపోతే తడికి ఉబ్బి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, బురద నిలిచి పాకుడు పడుతుంది. స్క్రూ పొడవు పలక మందానికి రెండింతలు దాటాలి, ప్రతి దూలం మీదా రెండేసి వేయాలి. ఇక స్క్రూల రకం. కలపకు పట్టించే మందుల్లో రాగి ఉంటుంది, మామూలు ఇనుప స్క్రూను అది త్వరగా తినేస్తుంది. గాల్వనైజ్డ్ గానీ స్టెయిన్‌లెస్ గానీ వాడండి, రెండూ కలపకండి. తడిలో ఒకదానికొకటి తగిలితే గాల్వనైజ్డ్ ముందు పోతుంది.

జారకుండా పైన కోళ్ల జాలీ పరిస్తే బాగా పనిచేస్తుంది. 10 సెం.మీ.కొక స్టేపుల్ కొట్టి, అంచులు పలక కిందికి మడవాలి. లేచిన తీగకు బూటు తట్టుకుంటే మనిషి నేరుగా నీళ్లలోకే పోతాడు.

రంపం పని అంతా గట్టు మీద టార్పాలిన్ పరిచి చేయండి. ఆ పొట్టులో ఉన్న రాగి చేపలకు విషం. మందు కలప ముక్కలను మంటల్లో వేయకూడదు, పొగా బూడిదా రెండూ చెడ్డవే. సిమెంటు విషయంలో ఇంకా జాగ్రత్త. పచ్చి సిమెంటు నీరు క్షారం, చెరువులోకి కాస్త జారినా ఆ చుట్టుపక్కల చేపలు చస్తాయి. తాపీలు, బకెట్లు చెరువులో కడగడం చాలాచోట్ల అలవాటుగా జరిగే తప్పు. కడిగిన నీళ్లు మళ్లీ చెరువులోకి పారని చోట పోయండి.

నాచు, కలుపు

ఒక్కరోజులో మొత్తం తీసేయాలని అందరికీ ఉంటుంది. ఒకేసారి మూడో వంతుకు మించి తీయకండి. చేప పిల్లలకు దాక్కునే చోటు అదే, వాటికి తిండి దొరికేదీ అందులోనే. ఎండ మండే రోజుల్లో అసలు ముట్టుకోకండి. కోసి వదిలేసిన కలుపు కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్ పీల్చేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ఆక్సిజన్ తగ్గిపోయిందని అర్థం. అడుగు బురద కెలికినా ఇదే జరుగుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తే వెంటనే ఆపేయండి.

రెండు రేక్‌ల (ఆకులు లాగే పళ్ల దంతెల) తలలను వీపుకు వీపు ఆనించి బిగించి, 15 మీటర్ల తాడు కడితే మంచి పనిముట్టు తయారవుతుంది. విసిరి, అడుగుకు చేరేదాకా ఆగి, నెమ్మదిగా లాగాలి. తాడు చేతికి చుట్టుకోవద్దు, రెండో కొస గట్టు మీద మేకుకు కట్టాలి. ఎక్కడైనా పట్టేస్తే వెనక్కి వాలి బలంగా లాగొద్దు. అది ఉన్నట్టుండి ఊడితే పళ్లు మీ వైపే వస్తాయి.

హైడ్రిల్లా లాంటి నీటి కలుపు మొక్కలు వేలెడు ముక్క నుంచి కూడా మళ్లీ మొలుస్తాయి. కాబట్టి తేలిన ముక్కలన్నీ వలతో అదే రోజు ఎత్తేయాలి, లేకపోతే ఉన్న కలుపును మీరే చెరువంతా నాటినట్టవుతుంది. పైన తేలే సన్నటి ఆకుల కలుపుకు రేక్ పనికిరాదు. బెండ్లు కట్టిన పొడవాటి తాడును చెరో వైపు పట్టుకుని ఒడ్డుకు తోసుకురండి.

తీసిన కుప్పను నీటి అంచుకు ఒకటి రెండు మీటర్ల దూరంలో ఒకటి రెండు రాత్రులు ఉంచాలి. నత్తలు, తూనీగ పురుగులు, చిన్న చేపలు మళ్లీ నీటిలోకి చేరతాయి. ఆ తర్వాత తప్పకుండా దూరంగా తరలించాలి. కుళ్లాక కారే రసం చెరువులోకి పోతే వచ్చే ఏడు కలుపుకు ఎరువు వేసినట్టే. తరలించే పనికి ఎవరు వస్తారో ఆ రోజే పేర్లు రాసుకోండి. ఎక్కువ క్లబ్బుల్లో పని ఆగేది ఇక్కడే.

చెట్లు, తూము

గాలం విసిరే దారికి అడ్డొచ్చే కొమ్మలే కోయండి, నీడనిచ్చేవి ఉంచండి. పక్షులు గూళ్లు పెట్టే కాలంలో ఈ పని పెట్టుకోకూడదు. లావు కొమ్మను మూడు కోతల్లో తీయాలి. మానుకు ఓ అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు కోత, దానికి కాస్త అవతల పై నుంచి పూర్తి కోత, చివరికి మిగిలిన మోడును మాను దగ్గరి ఉబ్బుకు బయటగా కోయడం. మొదటి కోత మానేస్తే కొమ్మ విరుగుతూ మాను బెరడును కిందిదాకా చీల్చుకుపోతుంది. కరెంటు తీగల దగ్గర నిచ్చెనలు, పొడవాటి కర్రలు ఎత్తొద్దు. అక్కడ గాలం వేసే చోటు ఉంటే మూసేయమని కమిటీకి చెప్పండి. కార్బన్ గాలం కర్రలో కరెంటు పారుతుంది.

తూము జాలీలో చిక్కిన ఆకులను పై నుంచి పొడవాటి రేక్‌తోనే తీయాలి. నీళ్లలో దిగి చేత్తో తీయబోతే నీటి ఒత్తిడి మనిషిని జాలీకి అదిమేస్తుంది, పైకి నీరు నిదానంగా కనిపించినా సరే.

వెళ్లే ముందు

పనిముట్లు లెక్క చూడండి. గడ్డిలో మిగిలిన కొడవలి మీద ఎవరో కాలు వేస్తారు. బూట్లు, వలలు, తాళ్లకు అంటిన బురద, కలుపు ముక్కలు అక్కడే దులిపి, కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే ఇంకో చెరువుకు తీసుకెళ్లండి. చేప రోగాలు, కలుపు మొక్కలు తడి వలల్లోనే ఊళ్లు మారతాయి.

తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. చెరువు గట్ల మీద ఎలుకలు ఉంటాయి, వాటి మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) వస్తుంది. ఆ తర్వాత నెలరోజుల్లో జ్వరం, తలనొప్పి, పిక్కల నొప్పి వస్తే ఫ్లూ అనుకుని ఊరుకోకుండా, చెరువులో పని చేశానని డాక్టరుకు ముందే చెప్పండి.