ఇంజన్ల బ్లిట్జ్‌లో ఆపరేటర్‌గా కూర్చునే ముందు

దసరా సెలవుల్లో పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో చెస్ ఇంజన్లకి, అంటే చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రాములకి, బ్లిట్జ్ (కొద్ది నిమిషాల్లో అయిపోయే ఆట) పోటీ పెట్టాలనుకునే కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రెండు కంప్యూటర్లనీ కేబుల్‌తో కలిపేస్తే మనిషి అక్కర్లేదు, నిజమే. కానీ బోర్డు, క్లాక్ పెట్టి ఇంజన్‌కొక ఆపరేటర్ని కూర్చోబెడితేనే చుట్టూ చేరినవాళ్లకి ఆట కనబడుతుంది.

స్క్రీన్ మీద వచ్చిన ఎత్తు బోర్డు మీద వేయాలి, క్లాక్ నొక్కాలి, అవతలి ఎత్తు కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఆపరేటర్ పని ఇంతే. నిదానంగా సాగే ఆటలో ఎవరైనా చేసేస్తారు. అయిదు నిమిషాల ఆటలో మాత్రం కొంప ముంచేది ఇదే.

లెక్క చూడండి. ఎత్తుకి మూడు సెకన్లు మీ చేతుల్లో పోతే, అరవై ఎత్తులకి 180 సెకన్లు. అయిదు నిమిషాల్లో మూడు నిమిషాలు మీవే! ఇంజన్‌కి ఆ సంగతి తెలీదు. అది తన లోపలి గడియారం చూసుకుని తీరిగ్గా ఆలోచిస్తుంటుంది, టేబుల్ మీది క్లాక్‌లో టైమ్ అయిపోయి జెండా పడిపోతుంది. స్టాక్‌ఫిష్ అనే ఇంజన్‌లో ‘మూవ్ ఓవర్‌హెడ్’ అని ఒక సెట్టింగ్ ఉంది, ఎత్తుకి ఇంత టైమ్ బయట పోతుందని ఇంజన్‌కి చెప్పేది. మామూలుగా 10 మిల్లీసెకన్లే ఉంటుంది. మనిషి చేత్తో ఆడించేటప్పుడు దాన్ని 2000, 3000 దాకా పెంచుకోవాలి. ఆట మధ్యలో స్క్రీన్ మీది టైమ్‌ని అసలు క్లాక్‌తో సరిచేసుకోవచ్చా లేదా అన్నది ఆర్బిటర్‌ని (ఆట రిఫరీని) ముందే అడగండి. నా మటుకు నేను అయిదు నిమిషాల ఆట కన్నా, ఎత్తుకి రెండు మూడు సెకన్లు కలిసే ఆటే పెట్టమంటాను.

ముందురోజు చేతికి అలవాటు చేయండి. పావు కదిపిన చేత్తోనే క్లాక్ నొక్కాలి. మౌస్ రెండో చేతిలో ఉండాలి. క్యాస్లింగ్‌లో (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదిలేటప్పుడు) ముందు రాజునే పట్టుకోవాలి. బంటు చివరి గడికి చేరినప్పుడు కొన్ని ప్రోగ్రాములు అడక్కుండానే మంత్రిని పెట్టేస్తాయి. అవతలివాళ్లు గుర్రం కోరితే మీ స్క్రీన్ ఒక ఆట, బోర్డు ఇంకో ఆట అయిపోతాయి. అవతలి ఎత్తుని చెవితో వినొద్దు, బోర్డు మీద కళ్లతో చూసి ఎక్కించండి. గోలలో గడుల పేర్లలోని బి, డి, ఈ అన్నీ ఒకేలా వినిపిస్తాయి, పైగా పక్కనుంచి ఒడియా, తెలుగు కలిపి మాటలు పడుతుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం, మీ తెలివి వాడకూడదు. డ్రా అడగాలన్నా, ఓటమి ఒప్పుకోవాలన్నా ఇంజన్ చెప్పాలి, లేదా ముందే రాసుకున్న నియమం చెప్పాలి. 2003లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ప్రపంచ కంప్యూటర్ చెస్ పోటీ జరిగింది. ష్రెడర్ అనే ప్రోగ్రాం గెలిచే ఆటలో ఒక లోపం వల్ల అదే స్థితి మూడోసారి వచ్చింది. అలా వస్తే డ్రా అడగొచ్చు. అవతలి ప్రోగ్రాం జానీ స్క్రీన్ మీద ఆ సంగతి చూపించింది కూడా. అయినా జానీ ఆపరేటర్ డ్రా అడక్కుండా ఆట కొనసాగించాడు. ష్రెడర్ గెలిచింది. చివరికి ఫ్రిట్జ్ అనే ఇంకో ప్రోగ్రాంతో సమానంగా నిలిచి, ప్లేఆఫ్‌లో టైటిల్ కొట్టింది. ఆ మనిషిది మంచి మనసే. కానీ నష్టపోయింది ఆ బోర్డు దగ్గర లేని మూడోవాడు, ఫ్రిట్జ్. అందుకే స్క్రీన్ మీద ఏ మెసేజ్ వచ్చినా క్లాక్ ఆపి ఆర్బిటర్‌ని పిలవండి.

ఇక కరెంటు. మన వైపు అక్టోబర్ సంగతి తెలిసిందే. 2018లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాని ఎలా కుదిపేసిందో చూశాం. తుఫాను హెచ్చరిక ఉంటే పోటీ వాయిదా వేసేయండి. మామూలు కోతలకైతే యూపీఎస్ పెట్టుకోండి. చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ మీద నెమ్మదిస్తాయి, కాబట్టి ఇద్దరిదీ ఛార్జర్ మీదే నడవాలి. ఆటకొకరిని ఎత్తులు రాయడానికి కూర్చోబెట్టండి. కంప్యూటర్ ఆగిపోతే అప్పటి బోర్డు ఒక్కటే ఎక్కిస్తే చాలదు. మొదటి ఎత్తు నుంచీ ఎక్కిస్తేనే ఏ స్థితి ఎన్నిసార్లు వచ్చిందో ఇంజన్‌కి తెలుస్తుంది. ఆట అయ్యాక ఫలితం కాగితం మీద రాసి ఇద్దరు ఆపరేటర్లూ సంతకాలు పెట్టేదాకా, ఆట ఫైల్ సేవ్ చేసేదాకా విండో మూయకండి.