కాకినాడ రేవు నుంచి భారీ ట్రాన్స్‌ఫార్మర్ తరలింపు: దారిలో చిక్కులు, కారణాలు, పరిష్కారాలు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే సూపర్‌వైజర్ల కోసం ఇది రాస్తున్నాను. కాకినాడ రేవులో ఓడ నుంచి 150, 160 టన్నుల ట్రాన్స్‌ఫార్మరో, జనరేటర్ స్టేటరో దిగుతుంది. దాన్ని సామర్లకోట, పెద్దాపురం మీదుగా ఏడీబీ రోడ్డెక్కించి రాజానగరం దగ్గర 16వ నంబరు హైవేకి చేర్చాలి. లేదా 216 మీదుగా యానాం దాటించి కోనసీమ వైపు తీసుకెళ్లాలి. విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి, సామర్లకోటల్లో గ్యాస్ విద్యుత్ కేంద్రాలున్న ప్రాంతం కాబట్టి ఇలాంటి బరువులు మనకు కొత్త కాదు. సామర్లకోట విస్తరణకని తెచ్చిన యంత్రాల్లో కొన్ని తర్వాత బంగ్లాదేశ్‌లోని మేఘ్నాఘాట్‌కు వెళ్లాయి కూడా.

డెల్టాలో మన బండికి, అంటే పుల్లర్ (లాగే ట్రాక్టరు) వెనక నడిచే చాలా యాక్సిళ్ల హైడ్రాలిక్ ట్రైలరుకు, వచ్చే తేడాలు చాలావరకు నేల వల్ల, నీటి వల్ల వస్తాయి. అందుకే ఏ తేడా కనిపించినా ముందు బండి ఆపించండి. దిగి టైర్ల కింద చూడండి. గేజీలు, వాల్వులు ఆ తర్వాత.

డెక్కు ఒక పక్కకు వాలుతోంది

దీనికి కారణాలు మూడు: రోడ్డు వాలు, హైడ్రాలిక్ ఆయిలు లీకు, సరుకును మధ్యలో ఎక్కించకపోవడం. మూడూ పైకి ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం వేర్వేరు.

బండి ఆపి, రెండు పక్కలా సస్పెన్షన్ సిలిండర్లు ఎంత బయటికి ఉన్నాయో టేపుతో కొలిచి చాసిస్ మీద సుద్దతో రాయండి. పది నిమిషాలాగి మళ్లీ కొలవండి. కొలతలు మారకుండా రెండు పక్కలా సమానంగా ఉంటే వాలు రోడ్డుదే. పల్లం పక్క సర్క్యూట్‌కు ఆయిలు ఎక్కించి డెక్కును మట్టం చేస్తే సరిపోతుంది. కానీ సిలిండర్‌కు ఒక హద్దుంటుంది. చాలా హైడ్రాలిక్ యాక్సిళ్లలో మొత్తం స్ట్రోకు 600 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. దాని చివరిదాకా వాడేసి ముందుకెళితే తర్వాతి గుంటకు మీ దగ్గర ఏమీ మిగలదు. కాస్త సమమైన చోటికి రాగానే మళ్లీ మధ్యకు తెచ్చుకోండి.

రెండోసారి కొలిచినప్పుడు ఒక పక్క తగ్గితే ఆయిలు పోతున్నట్టే. ఇక్కడ చాలామంది గేజీ చూసి మోసపోతారు. ప్రెషర్ పడలేదు కాబట్టి లీకు లేదంటారు. ప్రెషర్‌ను నిర్ణయించేది పైనున్న బరువు. ఆయిలు కారుతున్నా సిలిండర్ అడుగు తాకేదాకా ముల్లు దాదాపు అక్కడే ఉంటుంది. అందుకే గేజీ కన్నా టేపును నమ్మాలి. ఒక్కో యాక్సిల్ వాల్వు కట్టేస్తూ వస్తే ఏది దిగుతోందో తెలుస్తుంది. దాన్ని సర్క్యూట్ నుంచి తప్పించి, మిగతా యాక్సిళ్లు ఆ బరువును మోయగలవని లెక్క చూసుకున్నాకే కదలాలి.

మూడోది రేవు యార్డులోనే పట్టుబడాలి. సమమైన కాంక్రీటు మీద కుడి, ఎడమ గేజీలు తేడా చూపిస్తే సరుకు పక్కకు కూర్చున్నట్టు. ఒకసారి నాకు ఇదే జరిగింది. ట్యాంకు మీద సీజీ (బరువు కేంద్రం) గుర్తు పెయింటుతో వేసే ఉంది, అది ట్యాంకు మధ్య నుంచి కాస్త పక్కకు ఉంది. కలాసీలు ట్యాంకు మధ్యను చూసి దింపారు. ఎడమ గేజీ ఎక్కువ చూపిస్తోందని ఆపరేటర్ చెప్పినా, తెల్లారేలోపు ఊరు దాటాలన్న టెన్షన్‌లో పోనిమ్మన్నాను. సామర్లకోట చేరకముందే ప్రతి వంపులోనూ డెక్కు ఎడమకే లాగింది. రోడ్డు పక్కన జాకీలెత్తి జానెడు జరపడానికి ఒక రాత్రంతా పట్టింది. యార్డులో అయితే గంటన్నర పని. ఆపరేటర్ మాటను ఆ తర్వాత ఎప్పుడూ దాటలేదు.

టైరు పక్కన రోడ్డు పగులుతోంది, అంచు దిగుతోంది

డెల్టాలో నాకు అన్నిటికన్నా భయం దీనికే. మన రోడ్లు చాలాచోట్ల కాలువ గట్టు మీదే నడుస్తాయి. ఒక పక్క కాలువ, రెండో పక్క వరి చేనో, రొయ్యల చెరువో. తారు పైకి గట్టిగా కనిపిస్తుంది, కింద మాత్రం నానిన ఒండ్రు మట్టి. రోడ్డుకు సమాంతరంగా, అంచుకు మూడు నాలుగు అడుగుల లోపల సన్నటి చీలిక కనిపించిందంటే గట్టు కాలువలోకి జారడం మొదలుపెట్టినట్టు.

ఏటా దాళ్వా (రెండో పంట) నీళ్లు అయ్యాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. కాలువ ఎండింది కదా, గట్టు గట్టిపడి ఉంటుందని మనవాళ్లు వెంటనే తేదీ పెట్టేసుకుంటారు. ఆ మొదటి రోజులే ప్రమాదం. గట్టు లోపల తడి అలాగే ఉంటుంది, బయటి నుంచి ఆనుకుని ఆసరా ఇచ్చే నీళ్లు మాత్రం ఉండవు. నిండు కాలువ పక్కన నిలబడిన గట్టు, నీళ్లు దించిన వారంలో జారవచ్చు. వీలైతే మే రెండో వారం దాకా ఆగండి. నీళ్లు మళ్లీ వదిలేలోపు పని ముగిసేలా లెక్కేసుకోండి.

చీలిక కనిపించాక చేయాల్సింది ఇది. ఇంజను ఆపకుండా పుల్లర్‌ను మాత్రం నిలపండి. బ్రేకు గట్టిగా కొట్టొద్దు. జనాన్ని కాలువ వైపు నుంచి తప్పించండి. టైర్ల ముందు ఇనుప ప్లేట్లు రోడ్డుకు అడ్డంగా పరిచి, బండిని ఒక్కో అడుగూ రోడ్డు మధ్యకు, అంటే చేను వైపుకు తేవాలి. వెనక్కి లాగాలన్న తొందర వద్దు. అప్పటికే నలిగిన మట్టి మీదకే మళ్లీ ఎక్కినట్టవుతుంది. టైరు కూరుకుపోతే దాని చుట్టూ తవ్వకండి. ఆ యాక్సిల్‌ను సిలిండర్‌తో పైకి లేపి, కింద స్లీపర్లు పేర్చి, బరువును మెల్లగా దించండి.

సర్వేలోనే దీన్ని పట్టడానికి నేను ఒక ఇనుప చువ్వ తీసుకెళ్తాను. బెర్ముల్లో (రోడ్డు పక్క మట్టి అంచుల్లో) ప్రతి వంద అడుగులకూ చేత్తో గుచ్చి చూస్తాను. మోకాలి లోతు సులువుగా దిగిన ప్రతిచోటా ప్లేట్లు రాసుకుంటాను. ఆ ఊరి లస్కరును (కాలువ చూసుకునే మనిషిని) అడగడం ఇంకా మేలు. కిందటేడు ఎక్కడ గండి పడిందో, ఎక్కడ కొత్త మట్టి పోశారో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

కల్వర్టు మీదుగా అనుమతి ఇవ్వడం లేదు

చాలాసార్లు ఇంజనీర్లు మొత్తం బరువు చూసి ఆపుతారు. వాళ్లకు కావాల్సింది ఒక్కో లైను (ట్రైలరు కింద అడ్డంగా ఉండే ఒక చక్రాల వరుస) మీద ఎంత పడుతుందన్న లెక్క. లైను సొంత బరువు 4 టన్నులనుకుందాం. 160 టన్నుల సరుకును 16 లైన్ల మీద పెడితే మొత్తం 224 టన్నులు, లైనుకు 14. అదే 20 లైన్లయితే మొత్తం 240, లైనుకు 12. చిన్న తూము మీద ఒకేసారి రెండు మూడు లైన్లే ఉంటాయి కాబట్టి లైన్లు పెంచితే లాభమే. పొడవైన స్పాను (వంతెనలో రెండు ఆధారాల మధ్య భాగం) మీద మాత్రం బండి మొత్తం ఒకేసారి నిలబడుతుంది, అక్కడ పెంచిన 16 టన్నులు వంతెనకు అదనపు భారం. ఒకే దారిలో రెండు రకాలూ వస్తే రెండు లెక్కలూ విడివిడిగా ఇవ్వండి.

కొత్త వంతెనల విషయంలో ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) నిబంధనల్లోని స్పెషల్ వెహికల్ లోడింగ్ ఆసరాగా ఉంటుంది. అందులో లెక్క 385 టన్నుల బండికి: 18 టన్నుల చొప్పున 20 యాక్సిళ్లు, ముందు పుల్లరు. గంటకు 5 కిలోమీటర్లు దాటకూడదు, వంతెన నడిమి గీతకు 300 మిల్లీమీటర్లకు మించి పక్కకు పోకూడదు, ఆ సమయంలో వేరే బండి ఉండకూడదు. పాత వంతెనల మీద కూడా ఇదే పద్ధతి పాటించండి. నడిమి గీతను సున్నంతో గీయించి, గేరు మార్చకుండా, బ్రేకు వేయకుండా దాటించండి.

రాతి కట్టు తూములకు కాగితాలు దొరకవు. వాటి పైనుంచి ఇనుప గర్డర్లతో తాత్కాలిక వంతెన వేసి, బరువు రెండు పక్కలా గట్టి నేల మీద పడేలా చూడాలి. లేదంటే కాలువ కట్టేసిన రోజుల్లో ఇరిగేషన్ వాళ్ల అనుమతితో పైపులు పెట్టి పక్కదారి వేసుకుని, నీళ్లు వదిలేలోపు తీసేయాలి.

సర్వేలో సరిపోయిన కరెంటు తీగ ఇప్పుడు తగిలేలా ఉంది

జనవరి ఉదయం కొలిచి మే మధ్యాహ్నం బయల్దేరితే ఇలాగే అవుతుంది. ఎండకు, లోడుకు తీగ సాగి కిందికి దిగుతుంది. ఈలోపు రోడ్డు మీద కొత్త తారు పొర పడితే కింది నుంచీ కొంత పోతుంది. బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం ఫైబర్ గ్లాసు కర్రతో మళ్లీ కొలవండి. వెదురుబొంగుతో తీగలు ఎత్తడం ఎక్కడ కనిపించినా ఆపించండి. మంచుకు తడిసిన వెదురులో కరెంటు పాకుతుంది. విద్యుత్ సిబ్బంది ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంటు ఆపించిన అనుమతి) తీసుకుని, ఎర్త్ చేశాకే తీగను ముట్టాలి.

కరెంటు ఎప్పుడు తీయించాలన్నది కూడా ఆలోచించాల్సిన విషయం. బండి తెల్లవారుజామున నడిస్తే ట్రాఫిక్ ఉండదని మనం ఆ వేళ అడుగుతాం. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువుండేది సరిగ్గా అప్పుడే. ఏరేటర్లు ఆగితే ఒక రైతు పంటంతా కొన్ని గంటల్లో పోతుంది. చెరువులున్న చోట పొద్దెక్కాక కరెంటు తీయించండి. కుదరకపోతే రెండు రోజుల ముందే ప్రతి రైతుకూ చెప్పి, జనరేటర్‌కు డీజిల్ మన లెక్కలో పోయించండి. ఈ ఖర్చు మీద బేరం ఆడొద్దు.

మలుపులో తోక తిరగడం లేదు

వెనక స్టీరింగు విడిగా నడిపే మనిషి లేకపోవడమే దీనికి అసలు కారణం. ముందు పుల్లర్ తిరిగినంత మాత్రాన తోక తిరగదు. వాకీటాకీతో ఒక మనిషిని వెనక పెట్టండి. ఊరి సెంటర్లో విగ్రహమో, గుడి ఆర్చో అడ్డం వస్తే తీసే ఆలోచన పెట్టుకోకండి, వేరే దారి చూడండి. కనుమ రోజుల్లో కోనసీమ రోడ్లు ప్రభలకు వదిలేయాలి.

వంతెన ఎక్కుడులో పుల్లర్ చక్రాలు జారుతున్నాయి

పుల్లర్ మీద బరువు చాలలేదు, లేదా రోడ్డు మీద గడ్డి ఉంది. కోతల కాలంలో ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. చక్రం కింద పడిన వడ్లు, గడ్డి నూనె పోసినట్టే జారుతాయి. ముందురోజే సర్పంచ్‌తో మాట్లాడి, మన కూలీలతోనే ధాన్యం ఎత్తించి, బండి పోయాక మళ్లీ పరిపించండి. అప్పటికీ జారితే వెనక రెండో పుల్లర్‌ను తోపుకు పెట్టండి.

ట్యాంకులో గ్యాస్ ప్రెషర్ తగ్గింది

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లను ఆయిలు తీసేసి, నైట్రోజనో పొడిగాలో నింపి పంపుతారు. రాత్రి గేజీ చూసి కంగారుపడే ముందు ఉష్ణోగ్రత చూడండి. 40 డిగ్రీల ఎండలో చదరపు సెంటీమీటరుకు 0.30 కిలోలు ఉన్న ముల్లు తెల్లారి 25 డిగ్రీలకు 0.24 దగ్గర ఉండడం మామూలే, గ్యాస్ ఎక్కడికీ పోలేదు. ప్రతిసారీ ప్రెషర్ పక్కనే ఉష్ణోగ్రత కూడా రాస్తే ఈ అయోమయం ఉండదు. అంతకన్నా పడితే ఫ్లాంజీలకు సబ్బునీళ్లు పూసి బుడగలు వెతకండి, సిలిండర్‌తో నింపండి. ముల్లు సున్నాకు వచ్చిందంటే మన తేమ గాలి లోపలికి పోయి ఉంటుంది. అప్పుడు డ్యూ పాయింట్ (లోపలి తేమను చెప్పే కొలత) చూడకుండా ముందుకు కదలకూడదు. తయారీదారుకు కబురు పెట్టండి.

ఇంపాక్ట్ రికార్డర్ కుదుపు చూపిస్తే దాన్ని ఆపొద్దు, విప్పొద్దు. ఆ సమయానికి బండి ఎక్కడుందో లాగ్ పుస్తకంలో చూసి రాసి సంతకం చేయించండి. లోపల వైండింగు కదిలిందో లేదో సైటులో ఎస్‌ఎఫ్‌ఆర్‌ఏ పరీక్ష చేసి, ఫ్యాక్టరీ రిపోర్టుతో పోల్చి చూస్తారు. కుదుపును దాచిపెడితే ఛార్జింగ్ రోజున ప్రాణాల మీదికి వస్తుంది.

వాన పట్టింది, ఎక్కడ ఆపాలి?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను కబురుంటే గట్టు రోడ్డు మీదకు బండి ఎక్కించకండి. దారిలో పట్టుకుంటే దగ్గర్లోని పెట్రోలు బంకో, రైసుమిల్లు కాంక్రీటు యార్డో అడిగి తీసుకోండి. ఇలాంటి చోట్లు సర్వేలోనే నాలుగైదు రాసుకుని ఉండాలి. డెక్కు కింద ఇనుప స్టూళ్లు, వాటి కింద స్లీపర్లు పెట్టి, ఆయిలు దించి బరువును స్టూళ్ల మీద కూర్చోబెట్టండి. సిలిండర్ల మీద వదిలేస్తే తెల్లారేసరికి ఏదో ఒక పక్క దిగి ఉంటుంది. చైన్లు మళ్లీ బిగించి, గ్యాస్ గేజీ దగ్గర ఒక మనిషిని కాపలా పెట్టండి. వాన వెలిశాక ఒక పూట ఆగి, చువ్వ పట్టుకుని ముందున్న రెండు కిలోమీటర్లూ నడిచి వచ్చాకే స్టూళ్లు తీయించండి.