సహబహిర్గతత్వమా, అసంపూర్ణ బహిర్గతత్వమా: జవాబు ఎక్కడ తప్పుతోంది?

ఇంటర్ జవాబు పత్రాలు ఏళ్ల తరబడి దిద్దుతున్నాను. విద్యార్థులు మారుతున్నారు కానీ, ఒక సంకరంలో కనిపించేది సహబహిర్గతత్వమా (రెండు లక్షణాలూ విడివిడిగా కనిపించడం), అసంపూర్ణ బహిర్గతత్వమా (మధ్య రకం కనిపించడం) అనే ప్రశ్న దగ్గర తప్పులు మాత్రం మారడం లేదు. పనెట్ చదరం (సంతానంలో వచ్చే జన్యు కలయికలు చూపే గడుల పట్టిక) వేయడం వచ్చనే అనుకుని మొదలుపెడతాను.

సమస్య: రెండో తరంలో 1:2:1 కనిపించగానే అసంపూర్ణ బహిర్గతత్వం అని రాసేయడం.

కారణం: నిష్పత్తిని గుడ్డిగా నమ్మడం. విషమయుగ్మజం (జన్యువు రెండు ప్రతులూ వేర్వేరు రకాలైనది) రెండు సమయుగ్మజాలకూ (రెండు ప్రతులూ ఒకే రకమైనవి) భిన్నంగా కనిపిస్తే చాలు, 1:2:1 వస్తుంది. రెండు సందర్భాల్లోనూ జరిగేది అదే.

పరిష్కారం: లెక్క పక్కన పెట్టి విషమయుగ్మజాన్ని చూడండి. చాలామంది దాటేసే పని ఇదే. ఎర్ర చంద్రకాంతను తెల్లదానితో సంకరం చేస్తే వచ్చే గులాబీ పువ్వులో ఎక్కడ చూసినా ఒకటే లేత రంగు. అది మధ్య రకం, అంటే అసంపూర్ణ బహిర్గతత్వం. ఏబీ రక్తం అలా కాదు. గ్రూపు పరీక్షలో యాంటీ-ఏ వేసిన చుక్కలోనూ కణాలు గుచ్ఛాలు కడతాయి, యాంటీ-బీ వేసిన చుక్కలోనూ కడతాయి. రెండు ప్రతిజనకాలూ (కణాల పైనున్న ఏ, బీ గుర్తులు) విడివిడిగా ఉన్నాయి కనుక ఇది సహబహిర్గతత్వం.

సమస్య: గులాబీ పువ్వులో ఎరుపు, తెలుపు యుగ్మవికల్పాలు (ఒకే జన్యువుకున్న వేర్వేరు రూపాలు) కలిసిపోయాయని రాయడం.

ఏవీ కలవలేదు. ఎరుపునిచ్చే జన్యువు కాపీ ఒక్కటే ఉండటంతో వర్ణకం చాలినంత తయారుకాలేదు, అంతే. గులాబీ మొక్కలో ఆత్మపరాగ సంపర్కం జరిపితే ఎరుపు, తెలుపు రెండూ తిరిగి వస్తాయి. కలిసిపోయినవైతే ఎలా వస్తాయి?

సమస్య: అన్నీ సరిగ్గా చూసినా కొడవలి కణ రక్తహీనత దగ్గర జవాబు తేలకపోవడం.

ఇక్కడ నేనే దెబ్బతిన్నాను. ఒక పత్రంలో దీన్ని సహబహిర్గతత్వమని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేశాను. వ్యాధి అంతర్గత లక్షణం (రెండు ప్రతులూ ఉంటేనే బయటపడేది) కదా అన్నది నా ధీమా. ఆ విద్యార్థి వచ్చి, “నేను హిమోగ్లోబిన్ గురించి రాశాను సార్, మీరు వ్యాధి గురించి దిద్దారు” అన్నాడు. ప్రశ్నలో ఏ స్థాయిలో చూడాలో లేనే లేదు.

కారణం అదే. బహిర్గతత్వం యుగ్మవికల్పానికి శాశ్వతంగా అంటుకున్న గుణం కాదు, మనం దేన్ని చూస్తున్నామో దాన్నిబట్టి మారుతుంది. ఏఎస్ జన్యురూపం, అంటే ఒకటి మామూలు హిమోగ్లోబిన్ యుగ్మవికల్పం (ఏ), ఒకటి కొడవలి కణ యుగ్మవికల్పం (ఎస్) ఉన్న మనిషినే తీసుకోండి. ఆరోగ్యం చూస్తే సాధారణంగా రక్తహీనత ఉండదు, కనుక ఏ పూర్తిగా బహిర్గతం. కణాల ఆకారం చూస్తే ఆక్సిజన్ బాగా తగ్గినప్పుడు అవీ వంకర తిరుగుతాయి. ఎస్ఎస్ కణాలకైతే అంతగా తగ్గనక్కర్లేదు. అంటే మధ్య స్థితి, అసంపూర్ణ బహిర్గతత్వం. ఇక ప్రొటీన్ చూడండి. బీటా గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ చేరడంతో హిమోగ్లోబిన్ విద్యుదావేశం మారుతుంది. ఎలక్ట్రోఫోరసిస్‌లో (విద్యుత్తుతో ప్రొటీన్లను వేరుచేసే పరీక్షలో) ఏఏ రక్తానికి ఒక పట్టీ, ఎస్ఎస్‌కు ఇంకోచోట ఒక పట్టీ, ఏఎస్‌కు ఆ రెండు చోట్లా పట్టీలు. మధ్యలో మూడో పట్టీ ఏదీ రాదు. ఇది సహబహిర్గతత్వం. ఏఎస్ రక్తంలో రెండు రకాలూ ఉంటాయని 1949లోనే లైనస్ పౌలింగ్ బృందం చూపించింది.

పరిష్కారం: పేరు రాసే ముందు “దేన్ని చూసి” అన్నది రాయండి. “హిమోగ్లోబిన్ స్థాయిలో సహబహిర్గతత్వం” అని రాస్తే ఎవరూ కొట్టేయలేరు, నాతో సహా. రోన్ రంగు షార్ట్‌హార్న్ ఆవుకూ ఇదే మందు. దూరం నుంచి మధ్య రంగులా ఉంటుంది, దగ్గరికెళ్తే ఎర్ర వెంట్రుకలు వేరు, తెల్ల వెంట్రుకలు వేరు.

అరుదైనవి కొన్ని ఉన్నాయి, వాటి కోసం నిద్ర మానుకోకండి. చంద్రకాంత రేకుల మీద చారలుంటే అది ఈ పాఠం కాదు. నలుపు, నారింజ మచ్చల పిల్లి సహబహిర్గతత్వంలా కనిపిస్తుంది కానీ, అక్కడ ఒక్కో కణంలో ఒక ఎక్స్ క్రోమోసోమ్ నిద్రపోతుంది. అలాంటి పిల్లి ప్రశ్నలో వస్తే ముందు అది ఆడదో మగదో చూసుకోండి.