ఊరి సాయుధ పోరాట చరిత్ర రాసేదెట్ల: నల్లగొండ, పాలమూరు ఊళ్ల కోసం

పని మొదలుపెట్టే ముందు నోటుబుక్కులో ఒక పేజీ మధ్యలో అడ్డంగా గీత గీయండి. గీత మీద 1948 సెప్టెంబర్ 17 అని రాయండి, నిజాం లొంగిపోయిన రోజు అది. ఊళ్లో విన్న ప్రతి సంగతీ ఆ గీతకు పైన పడాలా, కింద పడాలా తేల్చడమే సగం పని. పైన నిజాం పోలీసులు, రజాకార్లు, దొరల గూండాలు. కింద యూనియన్ మిలిటరీ, అంటే భారత సైన్యం, దాని వెనకాలే గడీలకు తిరిగొచ్చిన దొరలు. డెబ్బై ఏళ్లు దాటేసరికి ఊరి జ్ఞాపకంలో ఈ రెండూ కలిసిపోయాయి. కాల్చింది ఎవరైనా సరే "రజాకార్లు కాల్చిండ్రు" అనే మాటే మిగిలింది. స్తూపం మీద పేరున్న మనిషి 1949లోనో 1950లోనో మిలిటరీ క్యాంపులో చనిపోయి ఉండొచ్చు. ఈ ఒక్క తప్పుతో ఊరి చరిత్ర మొత్తం తలకిందులవుతుంది.

ఇక మనుషులు. 1946లో పదేళ్ల పిల్లలకు ఇప్పుడు తొంభై దాకా ఉంటాయి. ఊరికి ఒకరో ఇద్దరో దొరికితే అదృష్టమే. కాబట్టి వాళ్ల కొడుకులు, కోడళ్లు విన్న మాట కూడా రాసుకోవాలి. కాకపోతే "చూసిన", "విన్న" అని పక్కన తప్పకుండా గుర్తు పెట్టండి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మంచం మీద మడత పెట్టిన తువ్వాలు వేసి, మాట్లాడేవాళ్లకు జానెడు దూరంలో ఉంచండి. ఫ్యాన్ ఆపేయండి. తేదీ, ఊరు, మనిషి పేరు, తండ్రి లేదా భర్త పేరు మొదట మీ గొంతుతోనే చెప్పండి. ముప్పావుగంట దాటితే పెద్దవాళ్లు అలిసిపోయి, మీరు ఏది అడిగితే దానికల్లా "ఆఁ, అవును బిడ్డా" అంటారు. ఆ మాట సాక్ష్యం కిందికి రాదు. ఆపి, మళ్లొకరోజు వెళ్లండి.

"ఏ సంవత్సరం?" అని అడగొద్దు. జవాబు వస్తుంది గానీ అది సినిమాలోదో ఉపన్యాసంలోదో అయి ఉంటుంది. పంటల మీద, పండుగల మీద అడగండి: "జొన్న కంకి మీదున్నదా అవ్వా? నాట్లు పడ్డయా? అప్పటికి నీ లగ్గమైందా?" 1948లో మిలిటరీ కదిలింది సెప్టెంబర్ 13న, అంటే వినాయక చవితి దాటిన వారం లోపే. ఆ ఏడు దసరా అక్టోబర్ నడుమ వచ్చింది, కాబట్టి "మిలిటరీ వచ్చినంక మొదటి దసరా" అంటే తేదీ దొరికినట్టే. పీర్ల పండుగతో మాత్రం జాగ్రత్త. అది ఏటా పదకొండు రోజులు ముందే వస్తుంది. 1946లో డిసెంబర్ మొదటి వారంలో, 1948లో నవంబర్ నడుమ పడింది. ఇప్పటి లెక్కతో చూస్తే నెలలే తప్పిపోతాయి.

కాగితాల దగ్గరికొస్తే మొదటి గండం ఫస్లీ, అంటే నిజాం కాగితాల్లో వాడిన రెవెన్యూ సంవత్సరం. నిజాం సర్కారు ఫస్లీ సంవత్సరం అక్టోబర్ మొదటి వారంలో ఆజూర్ నెలతో మొదలయ్యేది. దాన్ని ఇంగ్లిష్ సంవత్సరంలోకి మార్చాలంటే ఆజూర్ నుంచి డిసెంబర్ ఆఖరు దాకా పడే తేదీలకు 590, జనవరి నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా పడేవాటికి 591 కలపాలి. ఆజూర్ 1357 అంటే 1947 అక్టోబర్. అదే 1357లో ఖుర్దాద్ అంటే 1948 ఏప్రిల్. అన్నిటికీ కళ్లు మూసుకుని 590 కలిపేవాళ్లే ఎక్కువ, అందుకే కాగితాల్లో సంఘటనలు ఏడాది ముందే జరిగిపోతుంటాయి. రూపాయలు కూడా చూసుకోండి. ఏడు హాలీ (నిజాం) రూపాయలైతే ఆరు కల్దార్ (బ్రిటిష్ ఇండియా) రూపాయలు. జరిమానా ఎంత పడిందో రాసేటప్పుడు ఏ రూపాయో రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు. వడ్లకు ఇరవై తూములు ఒక పుట్టి. కుంచం, మానిక మాత్రం ఊరూరికీ మారతాయి. ఎవరింట్లోనైనా పాత కొలత పాత్ర ఉంటే వడ్లు పోసి తూకం వేసి రాసుకోండి.

కారణాలు రాసేటప్పుడు పుస్తకంలోని పేరాను తెచ్చి అతికించొద్దు. పాత నల్లగొండ జిల్లాలో, అప్పటి జనగామ తాలూకాతో కలిపి, మూలం వెట్టి, నాగు వడ్డీ (ధాన్యం అప్పు మీద వడ్డీ), బేదఖలు (భూమి నుంచి వెళ్లగొట్టడం), యుద్ధకాలపు లెవీ (సర్కారు బలవంతపు ధాన్యం వసూలు). 1944 భువనగిరి సభలో ఆంధ్ర మహాసభ సభ్యత్వ రుసుం అణాకు దించాకే, ఊళ్లలో "సంఘం" అని పిలిచిన ఆ మహాసభ గుడిసెల్లోకి వెళ్లింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దేశముఖ్ మనుషుల తుపాకికి బలయ్యాడు. ఆయుధాలు పట్టమన్న పిలుపు మాత్రం 1947 సెప్టెంబర్ 11న, కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ పేర్ల మీద వచ్చింది. ఈ పద్నాలుగు నెలల్లో మీ ఊళ్లో ఉన్నది గుత్పలు (దుడ్డుకర్రలు), వడిసెలలు, కారంపొడి. ఆ కాలానికి "దళం" (తుపాకులు పట్టిన గెరిల్లా జట్టు) అని రాయకండి, "సంఘపోళ్లు" అని రాయండి. ఆ మాటే అప్పటిది.

పాలమూరు కథ ఇంకో తీరు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు, గోపాల్‌పేట సంస్థానాల కింద ఉన్న ఊళ్లకు పాలన వేరు, రికార్డూ వేరు. అక్కడ చాలా ఊళ్లలో కదలిక 1947 ఆగస్టు 7న మొదలైన హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంతో, కృష్ణ అవతలి సరిహద్దు క్యాంపులతో ముడిపడింది. ఆత్మకూరు వైపు అప్పంపల్లి కాల్పులు ఆ అక్టోబర్‌లోవే. అమ్రాబాద్, అచ్చంపేట నల్లమలలో దళాలు ఎక్కువగా నిలిచింది గీతకు కింద, మైదానంలో మిలిటరీ ఒత్తిడి పెరిగాక. మునగాల, నడిగూడెం వైపు వాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆ పరగణా నిజాంది కాదు, బ్రిటిష్ కృష్ణా జిల్లాది, నల్లగొండలో కలిసింది 1959లో. ఆ ఊళ్ల పాత కాగితాలు హైదరాబాద్‌లో వెతికితే దొరకవు. చుట్టూ నిజాం ఊళ్లున్న ఆ పరగణా దళాలకు దాక్కునే చోటయింది.

ఫలితాలు తేల్చేది భూమి కాగితాలే, నినాదాలు కాదు. కమ్యూనిస్టు పార్టీ లెక్కలో విముక్తమైనవి మూడు వేల గ్రామాలు, పంచింది పది లక్షల ఎకరాలు. మీ ఊరి వాటా ఎంతో మీరే తేల్చాలి. సంఘం పంచిందని అందరూ చెప్పే ఒక్క సర్వే నంబర్‌ను పట్టుకోండి. ముందు సేత్వార్‌లో (మొదటి సర్వే నాటి భూమి రిజిస్టర్) పట్టా ఎవరిదో చూడండి. తర్వాత 1954-55 ఖాస్రా పహాణీలో (ఊరి భూముల వివరాల రిజిస్టర్) పట్టాదారు గడి, కబ్జాదారు (భూమి చేతిలో ఉన్న మనిషి) గడి పక్కపక్కన చదవండి. పట్టా దొరదీ కబ్జా ఇంకొకరిదీ అయితే, 1950 కౌలుదారీ చట్టం కింద ఆ మనిషి పేరు రక్షిత కౌలుదార్ల రిజిస్టర్‌లో ఉందేమో, 38-ఇ సర్టిఫికెట్ (ఆ చట్టం కింద కౌలుదారుకు ఇచ్చే యాజమాన్య పత్రం) వచ్చిందేమో చూడండి. ఆఖరికి 1973 భూసంస్కరణల చట్టం కింద దొర తన భూముల గురించి ఇచ్చిన డిక్లరేషన్‌లో ఆ నంబర్ ఉందా లేదా చూస్తే చాలు. 1948 తర్వాత దొర గుంజుకున్నది, మళ్లీ రైతుకు చేరింది, ఎన్నడూ చేరనిది అక్కడే బయటపడుతుంది. నకళ్లకు తహసీల్దార్ ఆఫీసులో అర్జీ పెట్టాలి. ఉర్దూలో ఉంటే మసీదు దగ్గరి పెద్దమనిషి చదువుతాడులే అనుకోవద్దు. అది శికస్తా రాత (అక్షరాలు కలిపేసిన గొలుసు రాత), రెవెన్యూ ఉర్దూ చదివిన పాత ముంతజీమో (ఆఫీసు ఉద్యోగి) వకీలు గుమాస్తానో కావాలి.

పేర్లు సరిపోవు. చాకలి ఐలమ్మ కాగితం మీద చిట్యాల ఐలమ్మ. మీ ఊళ్లోనూ ఇంతే. కులం పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు మూడూ పక్కపక్కన రాసుకుంటేనే ఒకే మనిషిని ఇద్దరుగా లెక్కపెట్టరు. స్వాతంత్ర్య సమరయోధుల పింఛను ఫైళ్లలో జైలు తేదీలు దొరుకుతాయి, బంగారం లాంటివి. కాకపోతే అందులోని కథ భాగం దరఖాస్తు ఫారం అడిగినదానికి తగ్గట్టు రాసింది, తేదీల వరకే నమ్మండి.

ఆడవాళ్లను వేరుగా కూర్చోబెట్టి వినండి. కోడళ్లు, మనుమలు చుట్టూ ఉంటే సగం మాట లోపలే ఉండిపోతుంది. ఊరి ముస్లిం ఇళ్లకు కూడా వెళ్లండి. రజాకార్లలో చేరనివాళ్లు కూడా పోలీసు చర్య తర్వాత ఇళ్లు వదిలి పోయారు. ఆ పేజీ లేకుండా గీతకు కింది భాగం నిండదు. ఫలానావాడు దళం జాడ చెప్పాడన్న మాటను ఒక్క నోటి మీద రాయకండి. రెండు వేర్వేరు ఇళ్ల నుంచి, కాగితం నుంచి కూడా రావాలి. మనుమలు ఆ ఊళ్లోనే ఉంటారు కదా.

రాయడం అయ్యాక అచ్చుకు ముందు రచ్చకట్ట దగ్గర చదివి వినిపించండి. గొడవ అవుతుంది, కావాలి కూడా, ఎందుకంటే అక్కడే మూడో సాక్షి లేచి నిలబడతాడు. తేదీ తేలనివి రెండు మూడు ఎటూ మిగులుతాయి. అక్కడ మీరు అంకె వేయకండి. "నాట్లప్పుడు, మిలిటరీ వచ్చినంక" అని చెప్పినవాళ్ల మాటనే ఉంచి, పక్కన చెప్పినవాళ్ల పేరు రాయండి.