మోకీలు మార్పిడి తర్వాత ఇంట్లో నొప్పిని అదుపులో ఉంచుకోవడం ఎలా?

మోకీలు మార్పిడి ఆపరేషన్ జరిగిన రోజు చాలామందికి నొప్పి పెద్దగా తెలియదు. వెన్నుకు ఇచ్చిన మత్తు, నరానికి ఇచ్చిన ఇంజెక్షన్ ప్రభావం దిగిపోయాక, మర్నాడో ఆ మర్నాడో అసలు నొప్పి మొదలవుతుంది. అంతమాత్రాన ఆపరేషన్ వికటించిందని బెంగపడనవసరం లేదు. మొదటి వారాల్లో నొప్పి అసలే లేకుండా చేయడం సాధ్యం కాదు. నడకకు, మోకాలు వంచడానికి, నిద్రకు అడ్డు రానంత స్థాయిలో ఉంచుకుంటే చాలు.

ముందుగా డిశ్చార్జి చీటీలోని మాత్రల వేళలను పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి మంచం పక్కన అంటించండి. నొప్పిని పంటి బిగువున ఓర్చుకుని, ఇక తాళలేనప్పుడు మాత్ర అడగడం మన పెద్దవాళ్లకు అలవాటే గానీ, అలా ముదిరిన నొప్పి తొందరగా లొంగదు. కాబట్టి మొదటి రోజుల్లో డాక్టరు రాసిన వేళకే వేసుకోవాలి.

ఆ కాగితం మీదే ప్యారాసిటమాల్ లెక్క కూడా రాసుకోండి. పెద్దలకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. వయసు మళ్లినవారికి, బరువు తక్కువ ఉన్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి డాక్టర్లు ఇంకా తగ్గిస్తారు. 650 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు వేసుకుంటేనే 3,900 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 4 గ్రాములు అవుతుంది. ట్రమడాల్ అనే బలమైన నొప్పి మందు కలిపిన మాత్రల్లో కూడా సాధారణంగా 325 మిల్లీగ్రాముల ప్యారాసిటమాల్ ఉంటుందన్న సంగతి చాలామంది గమనించరు. ట్రమడాల్‌తో తల తిరగడం, మలబద్ధకం మామూలే కనుక, మాత్ర వేసుకున్నాక బాత్రూముకు ఒంటరిగా వెళ్లకూడదు. నీళ్లు, పీచు ఉన్న ఆహారం ఎక్కువగా తీసుకోవాలి. మెడికల్ షాపులో అడిగి డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు అదనంగా తెచ్చుకోవడం మాత్రం ప్రమాదం. అవి కిడ్నీలను, కడుపును దెబ్బతీయగలవు; పైగా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

ఫిజియోథెరపీకి అరగంట, ముప్పావుగంట ముందు మాత్ర పడేలా వేళలు సర్దమని డాక్టరునే అడగండి. నొప్పి పుడుతుందని వ్యాయామం మానేస్తే కీలు బిగుసుకుపోయి, తర్వాత మరింత బాధిస్తుంది. వ్యాయామం ముగిశాక ఐసు ముక్కలను కవరులో వేసి, పలుచని తువ్వాలులో చుట్టి, కట్టు తడవకుండా 15 నుంచి 20 నిమిషాలు మోకాలి మీద ఉంచండి. ఈ దశలో వేడి కాపడం, నూనె మర్దన, ఆకు పసర్లు వద్దు. పిక్కలో రక్తం గడ్డకట్టి ఉంటే, మర్దనకు అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు.

దిండు ఎక్కడ పెట్టాలన్నది ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మోకాలి కింద దిండు పెడితే కాలు కొద్దిగా వంగి, చాలా హాయిగా ఉంటుంది. సరిగ్గా అందుకే అది చిక్కు: రోజుల తరబడి అలాగే పడుకుంటే మోకాలు పూర్తిగా చాచడానికి రాకుండా పోతుంది, ఆ వంకరను సరిచేయడానికి పడే బాధ ముందు ఇప్పటి నొప్పి ఏపాటిది కాదు. దిండును మడమ, పిక్కల కింద పెట్టి, మోకాలిని గాలిలో చాచి ఉంచి, పాదం గుండె కంటే ఎత్తులో ఉండేలా చూడాలి. ఇలా చేస్తే వాపు తీస్తుంది, వాపుతో పాటే నొప్పీ తగ్గుతుంది. పడుకున్నంతసేపూ పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి.

రాత్రిళ్లు నొప్పి ఎక్కువగా అనిపించడం కొన్ని వారాల వరకు సహజమే. వాపు, వెచ్చదనం నెలల పాటు కొద్దికొద్దిగా ఉండవచ్చు. నొప్పి తగ్గుతున్నకొద్దీ డాక్టరు సలహాతో ముందు ట్రమడాల్ వంటి బలమైన మందులు మానేసి, ప్యారాసిటమాల్‌ను చివర్లో తగ్గిస్తారు.

అయితే తగ్గుతూ వచ్చిన నొప్పి ఒక్కసారిగా పెరిగినా, చలిజ్వరం వచ్చినా, కుట్ల నుంచి రసి లేదా చీము కారినా, పిక్క గట్టిపడి వాచినా అదే రోజు సర్జనుకు చూపించాలి. ఛాతీలో నొప్పి, హఠాత్తుగా ఆయాసం వస్తే మాత్రం వెంటనే 108కి ఫోన్ చేసి, వేసుకుంటున్న మందుల చీటీని వెంట తీసుకెళ్లండి.