బరువు ఆపరేషన్ తర్వాత కారప్పూస బదులు ఏం తినాలి

బరువు తగ్గడానికి పొట్టని చిన్నది చేసే స్లీవ్ గానీ గ్యాస్ట్రిక్ బైపాస్ గానీ చేయించుకున్నవాళ్ళకి రెండు నెలలు దాటేసరికి నోరు ఉప్పూ కారం అడగడం మొదలుపెడుతుంది. తియ్యటి ప్రొటీన్ పొడులు తాగి తాగి అప్పటికే మొహం మొత్తి ఉంటుంది. సరిగ్గా ఆ సమయానికే ఇంట్లోవాళ్ళు "ఉత్త మరమరాలే కదా, తేలిగ్గా అరిగిపోతాయి" అని గిన్నె తెచ్చి ముందు పెడతారు. ఆ తేలిగ్గా అరగడంలోనే చిక్కు ఉంది. మరమరాలు, కారప్పూస, చిప్సు నోట్లోనే నాని మెత్తబడి చిన్న పొట్టలో నిలవకుండా కిందికి జారిపోతాయి. కడుపు నిండినట్టు అనిపించదు కాబట్టి చెయ్యి ఆగదు. అదే గుడ్డో పనీరో అయితే నాలుగు ముక్కలకే పొట్ట చాలంటుంది. అందుకే బాగా నమిలితేగానీ దిగనిది, ప్రొటీన్ ఉన్నది ఏరుకోవాలి.

ఆపరేషన్ తర్వాత రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ తీసుకోమని సాధారణంగా చెబుతారు. మూడు పూటల చిన్న భోజనాలతో అంత అందదు. మధ్యలో ఒకసారో రెండుసార్లో తినే చిరుతిండిలో 6 నుంచి 10 గ్రాముల ప్రొటీన్ ఉండి, పిండిపదార్థం 8 గ్రాములు మించకపోతే ఆ తిండికి అర్థం ఉంటుంది. డైట్ తిండి అని పేరుపడినవన్నీ ఈ లెక్కకి నిలబడవు. ఫూల్ మఖానాలో సుమారు నాలుగింట మూడొంతులు పిండిపదార్థమే. రాగి జంతికలు కూడా జంతికలే. రాగిపిండిలో పిండిపదార్థం దాదాపు బియ్యప్పిండిలో ఉన్నంత ఉంటుంది. పుట్నాలు కాస్త నయం కానీ వాటిలోనూ ప్రొటీన్ కంటే పిండిపదార్థం దాదాపు మూడింతలు.

మన ఉత్తరాంధ్రలో జీడిపప్పు సంగతి విడిగా చెప్పాలి. చూడడానికి వచ్చే చుట్టాలు పలాస జీడిపప్పు అరకిలో పొట్లం పట్టుకొస్తారు. వంద గ్రాముల జీడిపప్పులో పిండిపదార్థం 30 గ్రాములు, ప్రొటీన్ 18. అదే వేరుశెనగ గుళ్ళలో పిండిపదార్థం 16, ప్రొటీన్ 26. కాబట్టి ధర తక్కువైనా పల్లీయే మేలు. జీడిపప్పు ఇంట్లో మిగతావాళ్ళు తింటారు.

కరకరలాడేవి ఎప్పుడు మొదలుపెట్టాలో మీ సర్జన్, డైటీషియన్ చెప్పాలి. చాలాచోట్ల మొదటి రెండు వారాలు ద్రవాలు, తర్వాత రెండు వారాలు మెత్తగా రుబ్బినవి, ఆపైన రెండు వారాలు మెత్తటి ఆహారం ఇస్తారు. పల్లీల్లాంటి గట్టి గింజలు రెండు మూడు నెలలు దాటాకే. ద్రవాల దశలో ఉప్పు కావాలనిపిస్తే పావు గ్లాసు పెరుగుకి ముప్పావు గ్లాసు నీళ్ళు పోసి చిలికి, వెన్న తీసేసి, చిటికెడు ఉప్పు, కొంచెం జీలకర్ర పొడి వేసి సన్నటి గుడ్డలో వడకట్టండి. మజ్జిగలో వేసే కరివేపాకు ముక్క, అల్లం పీచు గొంతులో తగిలినా వాంతి రావచ్చు, అందుకే ఆ వడకట్టడం. మేక కాళ్ళ సూప్ అయితే చల్లారనిచ్చి పైన గడ్డకట్టిన కొవ్వు పూర్తిగా తీసేసి మళ్ళీ వేడిచేసి తాగండి.

మెత్తటి ఆహారం దశకి గుడ్డుని మించింది లేదు. నీళ్ళు మరిగాక గుడ్డు వేసి 9 నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీళ్ళలోకి దించాలి. పావుగంట ఉడికిస్తే పచ్చసొన పొడిపొడిగా అయి ఛాతీ దగ్గర అడ్డుపడినట్టు పట్టేస్తుంది. చాలామంది గుడ్డు పడటం లేదని మానేయడానికి ఇదీ ఒక కారణం. పచ్చసొనని రెండు చెంచాల పెరుగుతో మెదిపి, ఉప్పు, మిరియాలపొడి వేసి తెల్లసొనతో కలిపి తినండి. ఒక గుడ్డుకి 6 గ్రాముల ప్రొటీన్, పిండిపదార్థం ఒక గ్రాము కూడా ఉండదు.

పనీర్ ఇంట్లో చేసుకుంటే మెత్తగా వస్తుంది. లీటరు పాలు విరగ్గొట్టి, గుడ్డలో కట్టి, బరువు 20 నిమిషాలకి మించి పెట్టకండి. సెంటీమీటరు ముక్కలుగా కోసి, పెనం మీద అరచెంచా నూనెతో సన్నటి సెగమీద రెండు వైపులా రంగు మారేదాకా మాత్రమే కాల్చాలి. ఉప్పు, కారం దించాక చల్లండి. ముందే వేస్తే నీరూరి అంటుకుపోతుంది. ఎక్కువసేపు వేయిస్తే రబ్బరులా సాగి ఎంత నమిలినా ముద్దవదు. 40 గ్రాములకి 7 గ్రాముల ప్రొటీన్. ఐరన్ మాత్ర వేసుకునే వేళకి, పనీర్, పెరుగు తినే వేళకి మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి. పాలలోని కాల్షియం ఐరన్‌ని ఒంటికి సరిగా పట్టనివ్వదు.

నిజంగా కరకరలాడేది కావాలంటే మీల్ మేకర్ (సోయా ముక్కలు). 50 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 26 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది కాబట్టి సగం చాలు. చిన్న సైజువి కొని, ఉప్పు వేసిన నీళ్ళలో 5 నిమిషాలు మరిగించి, ఆ నీళ్ళు పారబోయండి. కడుపు ఉబ్బరానికి కారణమయ్యే చక్కెరలు కొంత ఆ నీళ్ళతోనే పోతాయి. చన్నీళ్ళలో రెండుసార్లు కడిగి, గుప్పిట్లో పట్టుకుని చుక్క రాకుండా పిండాలి. అంతా ఈ పిండడంలోనే ఉంది. తడి మిగిలితే పైన మాడి లోపల స్పాంజిలా ఉండిపోతుంది. తర్వాత చెంచాడు నూనె, పసుపు, కారం, ధనియాలపొడి పట్టించి, మందపాటి మూకుడులో సన్నటి సెగమీద 20 నిమిషాలు కలుపుతూ వేయించండి. ఒకటి తీసి చల్లారాక కొరికి చూడండి. వేడిమీద మెత్తగానే ఉంటుంది, చల్లారితేనే కరకర తెలుస్తుంది. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్ళు దానికీ సోయాకీ మధ్య నాలుగు గంటలు తేడా పాటించాలి.

పల్లీ వేయించేటప్పుడు ఉప్పు అంటకపోవడం అందరికీ ఎదురయ్యేదే. వంద గ్రాముల గుళ్ళకి పావుచెంచా ఉప్పు రెండు చెంచాల నీళ్ళలో కరిగించి ఉంచుకోండి. సన్నటి సెగమీద చిటపట శబ్దం మొదలయ్యాక ఆ నీళ్ళు చిలకరించి, తడి ఆరేదాకా కలిపి, రంగు తిరగకముందే దించేయండి. మూకుడు వేడికి అవి ఇంకా వేగుతాయి. ఒక్కసారికి 25 గ్రాములే, చిన్న కప్పులోకి తీసుకుని డబ్బా లోపల పెట్టేశాకే కూర్చోండి. ఒక్కో గుండుని పిండయ్యేదాకా నమలాలి. ముక్కలుగా మింగితే కడుపునొప్పి రావచ్చు.

సముద్రం పక్కనున్న ఊళ్ళవాళ్ళకి ఎండు రొయ్యపొట్టు పొడి గొప్ప ఆధారం. ఎండు నెత్తళ్ళు వేయించి అలాగే తినకూడదు, ముళ్ళు గుచ్చుకుంటాయి. రొయ్యపొట్టు 50 గ్రాములు తీసుకుని ముందు జల్లెడ పట్టండి, ఇసుక చాలా రాలుతుంది. గోరువెచ్చటి నీళ్ళలో రెండుసార్లు గబగబా కడిగితే పైన పట్టిన ఉప్పు కొంత పోతుంది. రెండు మూడు గంటలు మంచి ఎండలో ఆరబెట్టి, నూనె లేకుండా సన్నటి సెగమీద పది నిమిషాలు వేయించండి. రెండు వేళ్ళ మధ్య నలిపితే టప్పున విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే, ఆ పొడి రెండో రోజుకే ముక్కిపోతుంది. విడిగా రెండు పెద్ద చెంచాల నువ్వులు, మూడు ఎండుమిర్చి, చెంచా జీలకర్ర వేయించుకోండి. అన్నీ పూర్తిగా చల్లారాక నాలుగు వెల్లుల్లి రెబ్బలతో బరకగా పొడి కొట్టాలి. వేడిమీద మిక్సీలో వేస్తే నువ్వుల నూనె ఊరి ముద్దయిపోతుంది. ఉప్పు వేయకండి, రుచి చూస్తే ఉన్నదే సరిపోయిందని తెలుస్తుంది. ఒక పెద్ద చెంచాకి సుమారు 4 గ్రాముల ప్రొటీన్. ఉడికిన గుడ్డు మీదో, గట్టి పెరుగు మీదో చల్లుకుంటే పూర్తి చిరుతిండి అవుతుంది. బీపీ ఎక్కువున్నవాళ్ళు దీన్ని వారానికి ఒకటి రెండుసార్లకే ఉంచుకోవాలి. బరువు వేగంగా తగ్గేటప్పుడు యూరిక్ యాసిడ్ పెరిగి గౌట్ అనే కీళ్ళవాతం తిరగబెట్టవచ్చు, అది ఉన్నవాళ్ళు ఎండుచేప, ఎండు రొయ్య రెండూ డాక్టర్ని అడిగాకే ముట్టుకోవాలి.

ఏది తిన్నా నీళ్ళు పక్కన పెట్టుకోకండి. తినే ముందు పావుగంట, తిన్నాక అరగంట నీళ్ళు ఆపితే తిన్నది పొట్టలో కాసేపు నిలుస్తుంది. ముద్ద అడ్డుపడినట్టు, నోట్లో నీరూరినట్టు అనిపిస్తే నీళ్ళతో తోయాలని చూడకుండా తినడం ఆపి నిటారుగా కూర్చోండి. గంటలు గడిచినా సర్దుకోకపోయినా, నీళ్ళు కూడా నిలవకపోయినా ఆపరేషన్ చేసినవాళ్ళకి ఆ రోజే ఫోన్ చేయాలి.

సంక్రాంతికి జంతికలు, సిరిమాను జాతరలో బజ్జీలు కాదనడం కష్టమే. బయల్దేరే ముందు గుడ్డో పనీరో తినేసి వెళ్ళండి. నిండిన పొట్టకి ఒక ముక్క రుచి చూడగానే చాలవుతుంది, పెట్టినవాళ్ళ మనసూ నొచ్చుకోదు.

మన తీరం గాలిలో తేమ ఎక్కువ. వేయించిన మీల్ మేకర్ బయట రెండు గంటలుంటే మెత్తబడుతుంది, అందుకే రెండు రోజులకి సరిపడా మాత్రమే చేసి గాజుసీసాలో బిగించండి. మెత్తబడితే మూకుడులో రెండు నిమిషాలు తిప్పితే మళ్ళీ వస్తుంది. పల్లీ మాత్రం ముక్కవాసన వచ్చినా, గుండు మీద బూజు కనిపించినా ఏరుకుని తినకండి, డబ్బాలో ఉన్నదంతా పారేయండి.